బోటులో మనిషి

మొన్న బుధవారం క్లినిక్‌లో ఎవరిదో మోకాలు ఎక్స్‌రే తీస్తుంటే ఫోన్ మోగింది. పేషెంటును కదలొద్దని చెప్పి, బయటికొచ్చి ఎత్తాను. అవతల మా బోటు కాక బిడ్డ.

"అక్కా, గాలి మొదలైంది. నాలుగు దినాలసంది ఆగకుంట కొడుతుంది. ఆదివారం బోటు తియ్యాల్నా?"

"చెప్త చెల్లె," అని పెట్టేశాను. లోపలికి పోయి ఎడమ మోకాలికి కుడి అని గుర్తు పెట్టాను. పదమూడేళ్ల నుంచి తాండూరులో ఎముకల ఫొటోలు తీస్తున్నాను, అలాంటి తప్పు ఎప్పుడూ చేయలేదు. పేషెంటు చూసి చెబితే సరిచేశాను.

నాకో పిచ్చి ఉంది. పెద్ద పతంగిని నడుముకు తగిలించుకుని, కాళ్ల కింద పలక పెట్టుకుని, గాలి లాగుతుంటే నీళ్ల మీద జారడం. కైట్ సర్ఫింగ్ అంటారు. అది సముద్రం ఆట. తాండూరులో నాపరాళ్లు, కందులు, దుమ్ము తప్ప సముద్రం ఎక్కడుంది? రెండేళ్లు సెలవులన్నీ కూడబెట్టి తమిళనాడు తీరంలో నేర్చుకున్నాను. "ముప్పయ్యారేండ్లొచ్చినయి. ఇంక పతంగులెగరేస్తవానే?" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఎగరేస్తాను. ఎగరేసేదాన్ని అనాలేమో. ఎందుకంటే ఆ బోటు కాక పోయి ఎనిమిది నెలలైంది, అప్పట్నుంచి పతంగి సంచి బీరువా మీదే ఉంది. అక్కడ నాతోపాటు నేర్చుకున్న హైదరాబాదు స్నేహితురాలు దాన్ని తనకిమ్మంటోంది. సోమవారం చెబుతానన్నాను. నిజానికి ఇచ్చేద్దామనే అనుకున్నాను.

ఎందుకో చెప్పాలి. సముద్రం ఒడ్డున ఇసుకలో నిలబడి పతంగి లేపుతారు. ధారూరు దగ్గర లోపలికి తిరిగితే వచ్చే మా ప్రాజెక్టు గట్టున ఆ వీలు లేదు. ఒకపక్క తుమ్మచెట్లు, ఒకపక్క పొలాల మోటార్లకు పోయే కరెంటు తీగలు, మిగిలిన జాగాలో సెల్ఫీలు దిగే ఆదివారం జనం. పైగా చెట్ల మీదుగా వచ్చే గాలి గట్టు దగ్గర సుడులు తిరుగుతుంది. అందుకని నడినీళ్లలోకి బోటులో పోయి, అక్కడ నీళ్లలోకి దిగి, అక్కణ్నుంచే లేపాలి. అప్పుడు బోటులో ఒక మనిషి కావాలి. పతంగిని నీళ్ల మీద పెట్టేది ఆ మనిషి. బోటును నా దారాలకు దూరంగా జరిపేది ఆ మనిషి. గాలి పడిపోతే వచ్చి ఎత్తుకునేదీ ఆ మనిషే. అక్కడ చిన్న పొరపాటు జరిగితే ఇక్కడ నా మెడ విరుగుతుంది. అలాంటి మనిషి నాకు ఒక్కడే దొరికాడు. ఆయన పోయాక ఇంకొకరిని నమ్మే ధైర్యం రాలేదు.

మొదటిసారి సంచి భుజాన వేసుకుని గట్టుకు పోయినప్పుడు బోటువాళ్లంతా చుట్టూ చేరారు. "టెంటా మేడం?" అన్నాడొకాయన. "పారాచూటా?" అన్నాడింకొకాయన. సంగతి చెబితే విరగబడి నవ్వారు. వెనక బోర్లించిన పుట్టి మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక బక్కమనిషి మాత్రం నవ్వలేదు. అరవై దాటి ఉంటాయి. తల ఎత్తకుండానే అడిగాడు.

"గాలి పడిపోతే ఎట్లొస్తవ్ బిడ్డా?"

సముద్రం దగ్గర నాకు నేర్పినాయన కూడా మొదటిరోజు మొట్టమొదట అడిగింది ఈ ప్రశ్నే. ఈయన సముద్రం చూసి ఉండడు. అయినా అదే అడిగాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు బోటు తెస్తే వస్త కాక," అన్నాను.

"తెస్త. గని నేను వద్దన్ననాడు వద్దు. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. ఆ 'వద్దు' ఎన్నిసార్లు వినాల్సి వస్తుందో తెలిస్తే ఆలోచించేదాన్నే.

గంటసేపు కారు నడుపుకుని పోతే, ఆయన ముందు ఒక బీడీ ముట్టించేవాడు. అది అయిపోయేదాకా మాట్లాడేవాడు కాదు. తాగడానికి కాదట, గాలి చూడటానికట. బీడీ చుట్టూ సమంగా కాలితే గాలి మంచిది. ఒకపక్క గబగబా కాలి ఇంకోపక్క మిగిలిపోతే, "దొంగగాలి. ఇయ్యాల్ల లేదు," అని టిఫిన్ డబ్బా మూత తీసేవాడు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"గాలి మంచిగనే ఉన్నది కాక. నీ బీడీలే మంచిగ లెవ్వు."

"గట్లనా? ఇంకోటి తాగుత, కూసో."

రెండోది కూడా వంకరగానే కాలింది. ఆయన నవ్వలేదు, గెలిచినట్టు మొహం పెట్టలేదు. నాకు రెండు జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు పెట్టాడు. మూతి ముడుచుకుని తిన్నాను. ఇంకా చెయ్యి కడుక్కోకముందే పడమటి దిక్కు నల్లబడి గాలివాన విరుచుకుపడింది. గట్టు మీద పెట్టిన ప్లాస్టిక్ కుర్చీలు నీళ్లలోకి ఎగిరిపోయాయి. ఆ గాలిలో నేను పతంగి కట్టుకుని ఉంటే ఏ తుమ్మచెట్టుకు వేలాడేదాన్నో! "జర ఆగు అన్నప్పుడు జర ఆగాలె," అన్నాడు, అంతే.

ఆయన మోటారుతో కన్నడంలో మాట్లాడేవాడు. వాళ్లమ్మ సేడం దిక్కు నుంచి వచ్చిందట. మోటారు మొరాయిస్తే దాని వీపు తడుతూ "బారవ్వా, బా" అని, రా తల్లీ రా అన్నట్టు బుజ్జగించేవాడు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు బోటులో లేచి నిలబడితే ఉర్దూలో గదిమేవాడు. తెలుగంతా నన్ను తిట్టడానికే దాచుకున్నాడని నేను ఎగతాళి చేసేదాన్ని. "తిట్లు అమ్మ భాషల్నే మంచిగుంటయి, గని నీకు కన్నడం రాదు. ఏం జేద్దాం?" అనేవాడు.

పతంగికి నాలుగు దారాలుంటాయి. నడుమ రెండు బరువు మోస్తాయి, అంచుల రెండు దాన్ని తిప్పుతాయి. సముద్రం దగ్గర వాటికి ఏవో ఇంగ్లీషు పేర్లు చెప్పారు. ఈయన ఒకసారి చూసి, అంచు దారాలకు చెవులని పేరు పెట్టాడు. ఎడమ చెవి, కుడి చెవి. నీళ్ల మీద పడుకున్న పతంగిని లేపాలంటే ఒక అంచు దారాన్ని మెల్లగా లాగాలి. "మొండిపిల్ల లెక్క పండుకున్నది. చెవి పట్టి లేపు," అనేవాడు. బయల్దేరేముందు గట్టు మీద దారాలన్నీ బారుగా పరిచి, కళ్లు మూసుకుని, ఒక్కో దారాన్ని వేళ్ల మధ్య నుంచి ఈ చివరి దాకా జార్చుకుంటూ నడిచేవాడు. నా కంటికి కనబడని ముడి ఆయన వేలికి తగిలేది.

లేపే పద్ధతి మేమిద్దరం కలిసి కుదుర్చుకున్నాం. నేను చెబుతుంటే ఆయన, "గిది వల వదిలినట్టే గద," అన్నాడు. నిజంగా అంతే. వల వేసేటప్పుడు బోటు గాలికి ఎగువన ఉంటుంది, వల దిగువకు జారుతూ పోతుంది. ఇక్కడా అంతే. నడినీళ్లలో మోటారు ఆపి, దాని రెక్కను నీళ్ల పైకి ఎత్తేయాలి. నేను జాకెట్, హెల్మెట్ వేసుకుని నీళ్లలోకి దిగుతాను. ఆయన గాలి నింపిన పతంగిని దిగువ వైపు నీళ్ల మీద పెడతాడు. గాలి దాన్ని నెట్టుకుపోతుంటే నేను దారం వదులుతూ ఉంటాను. ఆయన తెడ్డుతో బోటును ఎగువకు జరుపుకుంటాడు. దారాలు నిండా సాగాక ఇంకోసారి చూసుకుని, చెయ్యెత్తి, చెవి పట్టి లాగుతాను. పతంగి పక్కనుంచి మెల్లగా లేస్తుంది.

మొదటిరోజు అన్నీ సరిగ్గా చేశాం. ఒక్కటి తప్ప.

వల వేసేవాళ్లు ఆఖరి తాడు బోటుకు కడతారు, వల కొట్టుకుపోకుండా. నలభై ఏళ్లుగా ఆయన చెయ్యి ఆ పని చేస్తూనే ఉంది. ఆ రోజు నేను నీళ్లలోకి దిగుతుంటే, నా నడుము పట్టీకి వెనకున్న కొండికి సన్నటి నైలాన్ తాడు తగిలించి, రెండో కొస బోటుకు కట్టేశాడు. కట్టినట్టు ఆయనకు తెలీదు. వెనక ఏదో తగిలినట్టుంటే నీటి నాచు అనుకున్నాను నేను. చెవి లాగాను. పతంగి లేచింది. ముందు నుంచి పతంగి, వెనక నుంచి బోటు. నేను మధ్యలో పిండేసిన బట్టలా సాగిపోయాను. బోటు అడ్డం తిరిగి నీళ్లు ఎక్కించుకుంది. ఊపిరి ఆడలేదు. ఆపదలో పతంగిని వదిలించే ఎర్ర పిడి గుంజితే పతంగి ఊడి నీళ్ల మీద చచ్చుబడింది. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఆయన ఆ తాడును చూస్తున్నాడు. ఆ మొహం నేను మర్చిపోను.

మర్నాడు మా క్లినిక్‌లోనే నా ఫొటో నేనే తీయించుకున్నాను. పక్కటెముకకు సన్నటి చీలిక.

ఆయన మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. నాకు కోపమొచ్చింది. దెబ్బ తగిలింది నాకైతే అలిగింది ఈయనా? ఊరు కనుక్కుని పోయాను. రేకుల పందిరి కింద వల ముందేసుకుని కూర్చున్నాడు. వలలో చిరుగులేమీ లేవు, ఊరికే వేళ్లు ఆడిస్తున్నాడు. ఆయన బిడ్డను అప్పుడే మొదటిసారి చూశాను. ఇరవయ్యారేళ్లుంటాయి. వికారాబాద్ మార్కెట్‌లో చేపలమ్ముతుంది.

"గా దినం నుంచి నీళ్ల మొకం చూడలే అక్కా. వల నేనే వేస్తున్న, చేపలు నేనే తెస్తున్న, నేనే అమ్ముతున్న. జర చెప్పు నువ్వన్న," అంది.

ఆయన నా వైపు చూడకుండా అన్నాడు. "నేను కట్టిన బిడ్డా. కడుతున్నని నాకు తెల్వది. చెయ్యి కట్టేసింది. నన్ను అడగలే."

"నేను గూడ ఎనకకు చూస్కోలే కాక. నా తప్పు గూడ ఉన్నది."

"నీ తప్పు నువ్వు ఉంచుకో. నాది నాకియ్యి."

ఆయన పక్కన కూర్చున్నాను. వల పక్కకు జరిపి, "ఫొటో తెచ్చినవా?" అన్నాడు. తెచ్చాను. ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. చీలిక ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను.

"గింత సన్నగున్నదేంది? నేను ఇంక పెద్దగుంటదనుకున్న," అని ఏడ్చాడు. ఏమీ దాచుకోకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఏడిస్తే పక్కటెముక నొప్పి, అది వేరే సంగతి. ఆ పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అయిపోయిందా? అయితే చాయ్ పెడ్త," అని లోపలికి పోయింది.

చాయ్ తాగుతూ ఆయనే ఒక కట్టుబాటు పెట్టాడు. నేను చెవి లాగేముందు ఆయన బోటులో లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు విప్పి చూపించాలి. తర్వాత ఒక చుట్టు తిరగాలి, నడుముకు గానీ కాళ్లకు గానీ ఏ తాడూ లేదని నాకు కనబడాలి. నేను కూడా నీళ్లలో అలాగే ఒక చుట్టు తిరగాలి. అది అయ్యేదాకా పతంగి లేవకూడదు. పక్కటెముక అతుక్కున్నాక మొదటి ఆదివారం, నడినీళ్లలో ఆ ముసలాయన చేతులెత్తి గిర్రున తిరుగుతుంటే గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు. డాన్స్ అనుకున్నారు. ఆయనకు చచ్చేంత సిగ్గు. అయినా నాలుగు వానాకాలాలు, నేను దిగిన ప్రతిసారీ, ఒక్కసారి కూడా మానలేదు. ఒకసారి పతంగి దిగువకు పోయి దారాలు నిండా సాగాక, గాలి బలంగా ఉందని నేను తొందరపడి చెయ్యెత్తేశాను. "నేనింక తిరగలే!" అని అరిచాడు. బోటు ఊగుతుంటే ఒక చేత్తో అంచు పట్టుకుని, మెల్లగా తిరిగి, మళ్లీ రెండు చేతులూ చూపించాకే ఊ అన్నాడు.

మెచ్చుకోవడం ఆయనకు రాదు. ఒక సాయంత్రం మాత్రం గాలి తీగ లాగినట్టు సమంగా వీచింది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎన్నిసార్లు పోయొచ్చానో లెక్క లేదు. బోటులోకి ఎక్కాక ఆయన మోటారు లేపాడు. గట్టు దగ్గరికొచ్చాక, "ఇయ్యాల్ల పతంగి నీ మాట ఇన్నది," అన్నాడు. ఇంటికి పోయేదాకా కారులో ఆ మాటే తలుచుకున్నాను.

పోయిన కార్తీకంలో, వల వేసి వచ్చి, చాయ్ తాగి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అలాగే పోయాడు. గుండె ఆగిందన్నారు. పదో రోజు పోయి వచ్చాను. తిరిగొచ్చి సంచిని బీరువా మీదికి ఎక్కించాను.

బుధవారం ఫోన్ తర్వాత గురువారం, శుక్రవారం ఏమీ తేల్చుకోలేదు. శనివారం సాయంత్రం "వస్తున్న" అని మెసేజ్ పెట్టాను. ఆదివారం గట్టుకు చేరేసరికి ఆ అమ్మాయి బోటులోకి చేరిన నీళ్లు తోడుతోంది.

"అక్కా, నేను బీడీలు తాగ. పొద్దటిసంది ఈడనే కూసోని చూసిన. గాలి సమంగనే ఉన్నది. గని నాలుగు దాటితె ఆపేద్దాం, అటుదిక్కు మబ్బు పడుతుంది."

దారాలు పరిచి నేనే చూసుకున్నాను. నాలుగింటినీ పతంగికి నేనే తగిలించాను. సరిగ్గానే చేశాననుకున్నాను. నడినీళ్లకు పోయాం. మోటారు ఆపి, రెక్క పైకెత్తింది. నేను దిగాను. నీళ్లు చల్లగా గొంతు దాకా వచ్చాయి. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో తిరిగి బోటు ఎక్కేసి ఇంటికి పోదామనిపించింది. పైన ఉన్నది ఆయన కాదు.

పతంగి నీళ్ల మీదికి వచ్చింది. దిగువకు జారింది. దారం వదిలాను. అంతా సాగింది. నేను చెయ్యెత్తబోయాను.

"ఆగు అక్కా! ఆగు!"

బోటు ముక్కు మీద నిలబడి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఎర్రదారం ఎడమ చెవి గద? అది నడిమి దారం కిందికెల్లి పోతుంది. మెలి పడ్డది. నువ్వు లేపకు!"

చూశాను. నిజమే. నేను కిందనుంచి చూస్తుంటే కనబడలేదు. అలాగే లేపి ఉంటే పతంగి నేను చెప్పినట్టు తిరగకుండా ఒకే వైపు గిరగిరా తిరుగుతూ నన్ను ఈడ్చుకుపోయేది. దారం మళ్లీ చుట్టాను, పతంగిని బోటు దగ్గరికి తెచ్చుకున్నాం, మెలి విప్పింది, గట్టిగా లాగి చూసింది, మళ్లీ నీళ్ల మీద పెట్టింది. తొందరపడలేదు, కంగారుపడలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగేళ్లు గట్టు మీద కూర్చుని చేపలు కడుగుతూ ఈ పిల్ల ఎంత చూసిందో! హైదరాబాదు స్నేహితురాలికి పతంగి ఇవ్వకూడదని అక్కడే, నీళ్లలోనే, తేల్చేసుకున్నాను.

రెండు చేతులూ ఎత్తి, ఒక చుట్టు తిరిగి, "తాడు లేదు, చెయ్యి ఖాళీ!" అని అరిచింది. "నీదో?"

నేనూ నీళ్లలో ఒక చుట్టు తిరిగాను. "నాది గూడ ఖాళీ!"

"అయితె లేపు!"

లేచింది. ఎనిమిది నెలల తర్వాత, నడుము దగ్గర ఆ గుంజు తగిలేసరికి నోటికొచ్చినట్టు అరిచాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను.

నాలుగు కాకముందే ఆపేశాం. గట్టుకు వచ్చి, పతంగిలో గాలి తీసి, ఇద్దరం మోకాళ్లతో నొక్కుతూ మడత పెడుతున్నాం. అప్పుడడిగింది.

"అక్కా, నాయిన ఎప్పుడన్న గిది కట్టుకుని నీళ్లల్లకు దిగిండా?"

"లేదు చెల్లె."

"దిగుత అనలేదా?"

"అనలే."

"నువ్వడిగినవా?"

మడత పెట్టడం ఆపేశాను. నాలుగు వానాకాలాలు. ఎన్ని ఆదివారాలు! ఆయన చేతి రొట్టె తిన్నాను, తిట్లు తిన్నాను, నా ప్రాణం ఆయన చేతిలో పెట్టాను. ఒక్కసారి కూడా "కాక, నువ్వు పట్టి చూస్తవా?" అనలేదు. అనాలని తట్టనే లేదు. ఆయన బోటులో మనిషి, నేను నీళ్లలో మనిషి, అంతే అనుకున్నాను. సిగ్గుతో నా మొహం మండిపోయింది.

"అడగలే," అన్నాను.

ఆమె కోపగించుకోలేదు. పతంగి మీద నీళ్లు తువ్వాలతో తుడుస్తూ చెప్పింది. "నువ్వు కారెక్కి పోయినంక గట్టు మీద నిలబడి, రెండు చేతులు గిట్ల ముందుకు పెట్టి, ఎనకకు వాలి చూస్తుండె. నువ్వు ఎట్ల వాలుతవో అట్లనే. నేను నవ్వితె గదిమేటోడు."

కళ్లు తుడుచుకున్నాను. తుడుచుకున్నాక అడిగాను.

"నువ్వు దిగుతవా?"

"నేనేమన్న అడిగిన్నా?"

"లేదు. నేనే అడుగుతున్న. ముందుగాల తాండూరు దిక్కు బీడు భూమిల చిన్న పతంగితోని నేర్పుత. చెయ్యి కుదిరినంకనే నీళ్లు. అప్పుడు బోటుల నేను కూసుంట."

నీళ్ల వైపు చూసింది. గాలి ఇంకా వీస్తూనే ఉంది. నా తడి లైఫ్ జాకెట్ అందుకుని, డ్రెస్ మీద తొడుక్కుని, క్లిప్పులు ఒక్కొక్కటీ పెట్టుకుంది. ఛాతీ దగ్గర ఆగింది.

"గీ పట్టీ జర వదులు చెయ్యాలె అక్కా," అంది.

వదులు చేశాను.